విశ్వాసమే కవచముగా: ఫాదర్ హయ్యరు జీవితము

మహాభారతము చదివిన ప్రతి విద్యార్థియు కర్ణుని కవచకుండలముల కథ నెరుగును. పుట్టుకతో వచ్చిన ఆ కవచము దేహమును అంటియున్నంతవరకు శత్రువుల బాణములు అతనిని తాకజాలవు. దానిని ఒలిచి దానమిచ్చిన పిదప అతడును తక్కిన యోధులవలె గాయపడదగినవాడే. క్రైస్తవ మతగ్రంథములలో వేరొక విధమైన రక్షణసాధనము చెప్పబడినది. ఎఫెసు పట్టణపు సంఘమునకు వ్రాయబడిన లేఖలో పౌలు అపొస్తలుడు భక్తుని జీవితమును యుద్ధముగా భావించి, విశ్వాసమును సైనికుని చేతి డాలుతో పోల్చెను. ఆ లేఖ వ్రాయునాటికి తాను ఖైదులో నున్నట్లు ఆయనయే అందు తెలిపియున్నాడు. డాలును గూర్చి బోధించినవాడు స్వయముగా సంకెళ్లలో నుండెను. కావున ఆ డాలు సంకెళ్లనుగాని, రోగమునుగాని, మరణమునుగాని ఆపునది కాదని స్పష్టము. అట్లయిన అది ఆపునది ఏమి? ఈ ప్రశ్నకు తర్కముకంటె జీవితములే చక్కని సమాధానము చెప్పును. అట్టి జీవితములలో నొకటి గుంటూరు మండలమున కొంతకాలము గడచినది. అది ఫాదర్ హయ్యరు జీవితము.

గుంటూరు నుండి తెనాలి పోవు బాటలో వడ్లమూడి మొదలగు గ్రామముల మీదుగా ప్రయాణము చేయువారికి దారి పొడవునను నల్లరేగడి చేలు, ఊరూర గుడులు, వాటి నడుమ చర్చి శిఖరములు కానవచ్చును. ఈ ప్రాంతపు లూథరన్ సంఘములన్నియు తమ చరిత్రను 1842వ సంవత్సరము జూలై 31వ తేదీతో ఆరంభించును. నాడు గుంటూరు చేరిన ఒక ఒంటరి ప్రయాణికుడే ఆ చరిత్రకు మొదటి పుట.

బాల్యము, విద్య

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు 1793 జూలై 10వ తేదీన జర్మనీలోని హెల్మ్‌ష్టెట్ పట్టణమున జన్మించెను. తండ్రి బొచ్చుతోళ్లతో దుస్తులు తయారుచేయు వృత్తివాడు. ఆ కాలమున నెపోలియను దండయాత్రలతో యూరోపు ఖండము అల్లకల్లోలముగా నుండెను. ఎదుగుచున్న కుమారుడు ఏనాడు ఏ సైన్యములో చేరవలసివచ్చునో యని తలిదండ్రులకు భయము. అందుచేత 1807లో ఆ బాలుని సముద్రములు దాటించి, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నున్న మేనమామ యొద్దకు పంపిరి. పసితనమున ఇల్లు విడిచిన ఆ బాలునికి పరదేశవాసము ఆనాటినుండియే అలవాటయ్యెను.

ఫిలడెల్ఫియాలో మేనమామ వృత్తిని కొంతకాలము నేర్చినను, ఆయన మనస్సు దైవసేవవైపు మరలెను. అచటి గురువులయొద్ద మతవిద్య నభ్యసించి, తరువాత జర్మనీకి మరలివచ్చి గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున చదివెను. 1817లో బోధకుడుగా అనుమతి పొంది, 1820లో గురుపట్టము నందెను. ఆనాటి అమెరికాలో పడమటి సీమలు ఇంకను అడవులే. వలసపోయిన కుటుంబములు అక్కడొకటి, ఇక్కడొకటిగా కొండలలో, లోయలలో నివసించుచుండెను. అట్టి కుటుంబములను వెదకుకొనుచు, బడులు పెట్టుచు, సంఘములు కట్టుచు ఆయన ఇరువదేండ్లకుపైగా సంచరించెను. ఒక సంఘము నిలదొక్కుకొనగనే దానిని మరియొకరి చేతికప్పగించి ముందునకు పోవుట ఆయన అలవాటు. తాను నాటిన చెట్టునీడన తాను కూర్చుండుట ఆయన జాతకమున వ్రాసియుండలేదని ఎవరైన ననుకొనవచ్చును.

1819లో మేరీ అను వితంతువును ఆయన వివాహమాడెను. ఇరువది సంవత్సరముల దాంపత్యము పిదప 1839లో ఆమె మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 46 సంవత్సరములు. సామాన్యముగా ఆ వయస్సున, ఆ దుఃఖమున మనుష్యుడు తన ఇంటిలోనికి, తన జ్ఞాపకములలోనికి ముడుచుకొనిపోవును. హయ్యరు జీవితము మాత్రము ఆ చోటనే మలుపు తిరిగెను.

గుంటూరునకు రాక

అమెరికాలోని లూథరన్ సంఘములు అంతవరకు విదేశములకు మిషనరీని పంపియుండలేదు. 1841లో హయ్యరు ఆ పనికి నియమింపబడెను. అయితే ఆయనను నియమించిన సంస్థ ఇతర క్రైస్తవ శాఖల వారి పెద్ద సంస్థ ద్వారా పని జరుపవలెనని యోచించెను. తన సంఘపు పని తన సంఘము పేరనే జరుగవలెనని హయ్యరు పట్టుదల. ఆ పట్టుదలతో ఆయన వచ్చిన పదవిని వదలుకొనెను. పిమ్మట పెన్సిల్వేనియా ప్రాంతపు లూథరన్ గురువుల సభ ఆయనను తన పక్షమున పంపుటకు ముందునకు వచ్చెను. మెత్తని స్వభావముగల సాధువుగా మాత్రమే ఆయనను ఊహించుకొనువారు ఈ విషయమును గమనింపవలెను. విశ్వాసము ఆయనకు వెన్నెముక నిచ్చినదేకాని, వంగుట నేర్పలేదు.

1841 అక్టోబరులో బోస్టను రేవున ఓడ యెక్కి, తల్లిని గోల్పోయిన సంతానమును స్వదేశమున విడిచి, సింహళద్వీపము మీదుగా ఆయన దక్షిణదేశమును చేరెను. చెన్నపట్టణము, నెల్లూరు దాటి గుంటూరునకు వచ్చునాటికి ఆయనకు 49 సంవత్సరములు నిండినవి. తెలుగు అక్షరములు దిద్దుట ఆ వయస్సుననే మొదలు.

ఆయన చూచిన గుంటూరు సీమ నేటి పచ్చని గుంటూరు సీమ కాదు. కృష్ణకు బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియగుట 1855లో. 1842 నాటికి తెనాలి, రేపల్లె ప్రాంతములందలి సేద్యమంతయు వానమీదనే ఆధారపడియుండెను. పదేండ్లక్రితమే, 1832-33లో, డొక్కల కరువని నేటికిని చెప్పుకొనబడు నందననామ సంవత్సరపు క్షామము ఆ మండలమును తుడిచిపెట్టినది. సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నరకు తక్కువకాకుండ మరణించిరని లెక్క. పాడుపడిన ఇండ్లు, దున్నువారులేని పొలములు, అనాథలుగా పెరిగిన యువకులు నాటికింకను కనబడుచుండిరి.

అప్పటి గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్సు దైవభక్తి గలవాడు. గుంటూరులో మిషను నెలకొల్పబడవలెనని చాలకాలముగా కోరుచున్నవాడు. ఆయన హయ్యరునకు ఆశ్రయమిచ్చి, పనికి తోడ్పడెను. మొదట ద్విభాషి సాయముతో బోధించుచు, పిదప క్రమముగా తెలుగు నేర్చుకొనుచు, హయ్యరు పాఠశాలలు తెరచెను. ఆడుపిల్లలు బడికి పోవుట వింతగా నెంచబడు ఆ రోజులలో బాలికలకు బడి పెట్టుట ఆయన తొలి ప్రయత్నములలో నొకటి. ఆనాడు వేసిన విద్యాబీజమే కాలక్రమమున పెరిగి 1885లో కళాశాలయై, తరువాత ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా ప్రసిద్ధి కెక్కెను.

డాలు ఆపనివి

హయ్యరు వచ్చిన రెండేండ్లకు, 1844లో, వాల్టర్ గన్ అను యువ మిషనరీ భార్యతో గుంటూరు చేరెను. ముదుసలియగుచున్న హయ్యరునకు అతడు వారసుడగునని అందరు తలచిరి. జరిగినది వేరు. గన్ క్షయరోగమునకు గురియై 1851లో గుంటూరుననే కన్నుమూసెను. ఆయన విశ్వాసము హయ్యరు విశ్వాసముకంటె తక్కువదని ఎవరును చెప్పజాలరు. అయినను రోగము అతనిని విడువలేదు. ముసలివాడు మిగిలెను, పడుచువాడు పోయెను. విశ్వాసము దేహమునకు తొడిగిన ఉక్కుకవచమని తలచువారి నమ్మకమును ఈ యొక్క మరణమే కదలించును.

హయ్యరు అట్లు తలచినవాడు కాడని చెప్పుటకు ఆయన నడతయే సాక్ష్యము. గుండెజబ్బుతో 1846లో ఆయన అమెరికాకు తిరిగిపోవలసివచ్చెను. బాల్టిమోరు నగరమున ఒక సంఘమును నెలకొల్పి, దానిని నడపుచునే వైద్యకళాశాలలో చేరెను. పడుచు విద్యార్థుల నడుమ కూర్చుండి చదివి, 1847లో, 54వ యేట, వైద్యపట్టము నందెను. జ్వరములు, కలరా తిరుగాడు దేశమునకు మరల పోదలచినవాడు ప్రార్థనతోబాటు మందుల పెట్టెనుగూడ సిద్ధము చేసికొనెను. దేవుని నమ్ముకొంటిమను పేరున వైద్యమును నిరాకరించుట ఆయన మార్గము కాదు. దేహమునకు వలసినది దేహమునకిచ్చి, విశ్వాసమును దాని స్థానమున నిలిపెను. ఇది విద్యార్థులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగిన విషయము.

పల్నాటి సీమలో

1848లో మరల గుంటూరు చేరిన హయ్యరు, మరుసటి యేట పల్నాటికి తరలిపోయి గురజాలను నివాసముగా నేర్పరచుకొనెను. పల్నాడనగనే తెలుగువారికి నలగామరాజు, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కార్యమపూడి యుద్ధభూమి మనస్సున మెదలును. నలగాముని రాజధానియైన ఆ గురజాల ఆనాటికి రాళ్లునేలల నడుమ, ఎండలకును జ్వరములకును పేరుపడిన మారుమూల గ్రామము. రైలుగాని, సరియైన రస్తాగాని లేవు. ఎడ్లబండియే గతి. స్టోక్సు కలెక్టరు సాయముతో అచట ఒక నివాసము ఏర్పడెను. దానిని కేంద్రముగా చేసికొని ఆయన ఊరూర తిరిగి, మందులిచ్చుచు, బడులు పెట్టుచు, క్రీస్తు కథ చెప్పుచుండెను.

ఆయన మాట విన్నవారిలో ఎక్కువమంది మాలమాదిగ వాడల శ్రమజీవులు. ఊరి బావికి, గుడికి, బడికి దూరముగా నుంచబడినవారు. ఏ శాస్త్రమును వారికి రక్ష కాలేదు, ఏ రాజును వారికి అండ కాలేదు. అట్టివారికి విశ్వాసము కడుపు నింపలేదు, కూలి పెంచలేదు. పైగా క్రొత్త మతమున చేరినందుకు కులపెద్దల కోపము, గ్రామాధికారుల బెదరింపు అదనముగా వచ్చెను. అయినను తమ జీవము దేవుని కంటిలో విలువగలదను నమ్మకము వారికి తలయెత్తుకొని నిలుచు బలము నిచ్చెను. అక్షరము నేర్చినచోట ఆ బలము ద్విగుణమయ్యెను. డాలు మొదట కాపాడునది శరీరమును కాదు, మనుష్యుని గౌరవమును. పల్నాటి పేదవాడల చరిత్ర చెప్పునది ఇదియే.

ఈ మధ్యకాలముననే రాజమహేంద్రవరమున జర్మను మిషనరీలు ఆరంభించిన పని, ధనాభావముచేత, అమెరికను లూథరనుల చేతికి వచ్చెను. ఆ విధముగా కృష్ణా, గోదావరి సీమలు రెండును ఒకే మిషను క్రిందికి చేరెను. 1857లో, 64వ యేట, హయ్యరు అమెరికాకు తిరిగిపోయెను. అచట విశ్రాంతి తీసికొనునని తలచినవారిని ఆశ్చర్యపరచుచు, చలిదేశమైన మిన్నెసోటాకు పోయి క్రొత్త వలసలనడుమ మరల పని మొదలిడెను. 1860లో ఏర్పడిన మిన్నెసోటా లూథరన్ సభకు ఆయనయే ప్రథమాధ్యక్షుడు.

చేతిసంచితో సిద్ధము

ఆయన లేని కాలమున తెలుగుదేశపు మిషను కష్టదశలో పడెను. 1861 నుండి 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధము సంఘములను రెండుగా చీల్చి, ధనసహాయమును కుంగదీసెను. 1858లో వచ్చిన ఎరియాస్ ఉనాంగ్స్ట్ గుంటూరు పనిని కాపాడుకొనుచు వచ్చినను, రాజమహేంద్రవరము వరకు చేయి చాపుట దుర్ఘటమయ్యెను. ఆ క్షేత్రమును ఆంగ్ల సంఘమువారి మిషనుకు అప్పగించుటకు యత్నములు మొదలయ్యెను. కాగితములమీద చూచిన అది తెలివైన యోచనయే. ధనము లేదు, మనుష్యులు లేరు. నడపలేనిదానిని నడపగలవారి కిచ్చుటలో దోషమేమి?

హయ్యరు అప్పుడు జర్మనీలో తాను పుట్టిన హెల్మ్‌ష్టెట్‌లో కాలము గడపుచుండెను. ఆ వార్త ఆయనను ఓడ యెక్కించెను. 1869 మే మాసమున పెన్సిల్వేనియాలోని రీడింగు పట్టణమున జరిగిన గురువుల సభ యెదుట ఆ వృద్ధుడు నిలుచుండి, ఆ క్షేత్రమును వదలుకొనరాదని వాదించెను. పోవువారెవరను ప్రశ్నకు తానే పోదునని చెప్పెను. బయలుదేరుట కెంతకాలము పట్టునని యడుగగా, తన చేతిసంచిని చూపి, ఆ క్షణముననే సిద్ధముగా నున్నట్లు తెలిపెనని ఆ సంఘములలో నేటికిని చెప్పుకొందురు. అప్పటికాయనకు 76వ యేడు నడచుచుండెను. సభ తన నిర్ణయమును మార్చుకొనెను.

ఈ ఘట్టమును వట్టి సాహసముగా చూచుట సులభము. ఆలోచించిన కొలది అందు లోతు కలదు. 27 సంవత్సరముల క్రితము మొదలిడిన పని కరగిపోవుచుండ చూచినవానికి మూడు శత్రువులు ఎదురగును: నిరాశ, కోపము, వయస్సు సాకుగా చూపి తప్పుకొనుట. నాటి సభలో ఆయన ఎవరినీ నిందించినట్లు కానరాదు. తన వార్ధక్యమును కవచముగా ముందు పెట్టుకొనలేదు. పౌలు చెప్పిన డాలు ఆపు బాణములు ఇట్టివే. అవి బయటినుండి వచ్చునవి కావు, లోపల పుట్టునవి.

1869 డిసెంబరు 1వ తేదీన ఆయన రాజమహేంద్రవరము చేరెను. ధవళేశ్వరము ఆనకట్టతో గోదావరి సీమ అప్పటికి రూపు మార్చుకొనియుండెను, కాని మిషను బంగళాలు మాత్రము పాడుపడియుండెను. చెదరిన విశ్వాసులను కూడగట్టి, మూతపడిన బడులను తెరపించుచుండగా, ఆయనకు సాయముగా బెకర్ అను యువకుడు వచ్చెను. కొలదికాలములోనే, 1870లో, అతడు జబ్బుపడి మరణించెను. గన్ మరణము మరల జరిగినట్లయ్యెను. రెండవమారును పడుచువానిని మట్టిలో పెట్టి ముసలివాడు మిగిలెను. ఎందులకిట్లు అను ప్రశ్నకు ఏ శాస్త్రమును తృప్తికరమైన సమాధానము చెప్పలేదు. హయ్యరు చేసినది ఒక్కటే: మరునాటి పని మరునాడు చేయుట. ఆ యేడే ష్మిడ్ట్ అను మిషనరీ వచ్చి చేరెను. పిమ్మట పౌల్సెన్ వచ్చెను. పని సమర్థుల చేతులలో పడినదని నిశ్చయపరచుకొని, 1871లో హయ్యరు తెలుగుదేశమునకు తుది వీడ్కోలు చెప్పెను.

అంత్యదినములు

ఫిలడెల్ఫియాలోని లూథరన్ వేదాంత పాఠశాలలో విద్యార్థులకు పెద్దదిక్కుగా, ప్రార్థనాచార్యుడుగా ఆయన చివరి రోజులు గడచినవి. బాలుడుగా ఓడ దిగిన నగరముననే, 80 సంవత్సరములు నిండిన పిదప, 1873 నవంబరు 7వ తేదీన ఆయన కన్నుమూసెను. పెన్సిల్వేనియాలో ఫ్రీడెన్సు అను చిన్న ఊర, చాలకాలము క్రితము తనకంటె ముందు పోయిన భార్య సమాధి ప్రక్కన ఆయన దేహము ఉంచబడినది.

ఆయన వదలిపోయిన ఆస్తి స్వల్పము. పని మాత్రము ఆగలేదు. పది సంవత్సరములకు, 1883లో, అన్నా కుగ్లర్ అను వైద్యురాలు గుంటూరు చేరెను. 1897లో ఆమె తెరచిన స్త్రీల ఆసుపత్రి నేటికిని ఆమె పేరనే గుర్తింపబడుచున్నది. వైద్యము చదివి వచ్చిన తొలి మిషనరీ బాటనే ఆమె నడచినట్లయినది. 1927లో సంఘములన్నియు కలసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘముగా నేర్పడి, తెలుగువారి చేతులలో నడచు సంస్థ యయ్యెను. ఆయనకు తెలుగు క్రైస్తవులు ఇచ్చిన బిరుదు తండ్రి యనునది. ప్రొటెస్టెంటు బోధకులకు ఆ పిలుపు వాడుక కాకపోయినను, ఆయన పేరునకు ముందు అది విడదీయరానిదై నిలిచినది.

ఇక మొదటి ప్రశ్న. విశ్వాసమను డాలు ఆపునది ఏమి? హయ్యరు విషయమున అది గుండెజబ్బును ఆపలేదు, భార్యావియోగమును ఆపలేదు, ఇద్దరు యువసహచరుల మరణమును ఆపలేదు. సంఘములు చీలుటను, ధనము చాలకపోవుటను ఆపలేదు. అది ఆపినది ఆయన హృదయము గట్టిపడుటను. దుఃఖము చేదుగా మారుటను, ఓటమి ద్వేషముగా మారుటను, వయస్సు పిరికితనముగా మారుటను అది ఆపినది. ఏ మతమునందైనను, ఏ మతమునందు లేనివారికైనను, ఇట్టి రక్షణ అక్కరలేని మనుష్యుడు లేడు. తరగతిగదిలో పిల్లలకు గుంటూరు మండల చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడు, డొక్కల కరువు పిదప పదేండ్లకు ఈ నేలమీద అడుగుపెట్టి 49వ యేట ఓనమాలు దిద్దిన ఈ పరదేశిని గూర్చియు చెప్పదగును. పనికి ఆలస్యమైనదని ఏ వయస్సునను అనుకొననక్కరలేదని వారు ఆయన జీవితమునుండి గ్రహింపగలరు.